గోల్ కొట్టిన రెండు నిమిషాలకే

1956 డిసెంబరు 4, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్. మొదటి సగంలో ఎవరూ గోల్ చేయలేదు. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా బంతిని యుగోస్లావియా వలలోకి కొట్టాడు. నాలుగేళ్ల ముందు హెల్సింకీలో మనల్ని 10-1తో చితక్కొట్టిన జట్టు అది. ఇప్పుడు దాని మీద మనం ఒక గోల్ పైన ఉన్నాం. 54వ నిమిషంలో పాపెచ్ సమం చేశాడు. 57లో వెసెలినోవిచ్ కొట్టాడు. 65లో మళ్లీ పాపెచ్. 78లో మన సలాం పేరు మీద సెల్ఫ్ గోల్. ఆట 4-1తో ముగిసింది.

ఇలాంటి ఓటమికి సాధారణంగా అనుభవం చాలలేదనో, దమ్ము తగ్గిందనో చెప్పి ఊరుకుంటాం. ఆ పదమూడు నిమిషాలను మాత్రం అంత తేలిగ్గా వదిలేయబుద్ధి కాదు. 51 నిమిషాలు ఒక్క గోల్ ఇవ్వకుండా నిలబడిన జట్టు, తాను గోల్ కొట్టాక ఎందుకు విరిగింది? గోల్ కొట్టిందే విరగడానికి కారణమైందా?

ఫుట్‌బాల్‌లో పన్నెండో వాడు ఉండడు. దాడికి ఒకణ్ణి అదనంగా పంపాలంటే వాణ్ణి ఎక్కడో ఒకచోట నుంచి తీయాల్సిందే. తీసినచోట ఖాళీ పడుతుంది. దాడి చేసే జట్టు బలం, బలహీనత రెండూ తెలియాలంటే ఫార్వర్డ్‌ని కాకుండా, తన చోటు వదిలి ముందుకొచ్చిన ఆ మనిషిని చూడాలి. తెలుగు నేల మీద తయారైన రెండు జట్ల కథ దీనికి చాలు. ఒకటి సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన తరం. రెండోది 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ.

రహీమ్ సాబ్ బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, 1950 నుంచి భారత జట్టుకు శిక్షణ ఇచ్చారు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బులే ఫుట్‌బాల్ అనుకునే దేశంలో ఒక పోలీసు జట్టు బొంబాయి వెళ్లి ఏటా కప్పు ఎత్తుకురావడం మాటలా! 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆయన భారత జట్టు బంగారు పతకం కూడా తెచ్చింది.

ఆయన పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకునేవి హైదరాబాద్‌లో పెట్టించిన రెండు రకాల పోటీలు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. రెండోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమతో తన్నాలి. మన దేశంలో అప్పటికి ఫుట్‌బాల్ అంటే ఒకడు బంతి పట్టుకుని నలుగురిని తప్పించుకుపోవడం, జనం ఈలలు వేయడం. రహీమ్ ఆ ఈలల మోజునే ఆటలోంచి తీసేశారు. బంతి మనిషికన్నా వేగంగా కదలాలన్నది ఆయన లెక్క. ఈ రోజు యూరప్ అకాడమీల్లో ‘వన్ టచ్’ అని పిల్లలకు నేర్పే పాఠం ఇదే.

హెల్సింకీ దెబ్బ తర్వాత మనవాళ్లు బూట్లు తొడుక్కున్నారు. ఆ సంగతి అందరికీ తెలిసిందే. దానికన్నా పెద్ద మార్పు వెనక వరుసలో జరిగింది. అంతవరకూ ఇద్దరే ఉన్న డిఫెన్స్‌లో మూడోవాడు చేరాడు. వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు. దీన్నే డబ్ల్యూ-ఎం అనేవాళ్లు. ఈలోపు 1953 నవంబరులో లండన్ వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను మట్టికరిపించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా మధ్యలోకి తగ్గి ఆడాడు. కాపలా కాయాల్సిన ఇంగ్లండ్ డిఫెండర్‌కు దిక్కు తోచలేదు. వెంట పోతే తన వెనక గోల్ ముందు ఖాళీ అవుతుంది. పోకుండా నిలబడితే హిడెగ్‌కుటి తీరిగ్గా బంతి అందుకుని పాస్‌లు పంచుతాడు. అతను ఆ రోజు మూడు గోల్స్ కూడా కొట్టాడు. ఇంకొన్నేళ్లకు వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 వచ్చింది. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాకే దాని పేరు లోకానికి తెలిసింది. అంతకుముందే రహీమ్ సాబ్ ఆ బాట పట్టారని ఆయన దగ్గర ఆడినవాళ్లు చెప్పేవాళ్లు.

మెల్‌బోర్న్ వెళ్లిన జట్టుకు బెంగాల్‌కు చెందిన బద్రు బెనర్జీ కెప్టెన్. కుడి అంచున పీకే బెనర్జీ, మధ్యలో బొంబాయి నెవిల్ డిసౌజా. హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం లాంటి వాళ్లు. డిసెంబరు 1న క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు కొట్టిన మొదటి హ్యాట్రిక్ అది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే.

ఈ గెలుపును అందరూ హ్యాట్రిక్‌తోనే గుర్తుపెట్టుకున్నారు. గోల్స్ పడిన వరస చూడండి. 9వ నిమిషంలో నెవిల్, 17లో ఆస్ట్రేలియా మోరో. 33లో మళ్లీ నెవిల్, 41లో మళ్లీ మోరో. సగం ఆటకు 2-2. మనం ముందుకు పోయిన రెండుసార్లూ ఎనిమిదేసి నిమిషాల్లో వాళ్లు అందుకున్నారు. రెండో సగంలో నెవిల్ మూడోది, చివర్లో మన జట్టులోని కిట్టు నాలుగోది కొట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆస్ట్రేలియా కాబట్టి ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడు రోజుల తర్వాత యుగోస్లావియాకు రెండే పట్టాయి. జబ్బు క్వార్టర్ ఫైనల్లోనే ఉంది, గెలుపు దాన్ని కప్పేసింది.

దాడికి పోయినవాడి వెనక ఖాళీ ఎలా పడుతుందో మా పాకాల వాళ్లకు చెప్పడం తేలిక. మన ఊరి రైల్వే జంక్షన్‌లో కాట్పాడి దారి, తిరుపతి దారి, ధర్మవరం దారి కలుస్తాయి. బండ్లు ఎన్ని వచ్చినా, ఏ వేగంతో వచ్చినా, ఏది ఏ పట్టా మీదికి మళ్లాలో చూసే మనిషి తన చోట ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. బండి రాగానే చూద్దామని ఆయన ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తితేనే తంటా. ఫుట్‌బాల్‌లో ఆ చోటు మధ్యలో ఉండే ఇద్దరిది. ముందు ఐదుగురు, వెనక ముగ్గురు ఉంటే, నడుమ ముప్పై నలభై గజాల పొలం అంతా ఇద్దరే చూసుకోవాలి. దాడి ఊపులో వాళ్లలో ఒకడు ప్రత్యర్థి పెనాల్టీ బాక్స్ దాకా పోతే, బంతి పోగానే ఆ నడిమి పొలంలో ఎవడూ ఉండడు. గోల్ పడ్డాక ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉత్సాహం కాళ్లను ముందుకే లాగుతుంది. వెనకపడిన జట్టు కూడా కిక్కాఫ్ తీసుకుని వెంటనే మీద పడుతుంది. పైగా ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. రహీమ్ సాబ్ ఎంత గొప్ప కోచ్ అయినా, మైదానం బయట నిలబడి ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి దించే వీల్లేదు.

ఈ తంటా మన హైస్కూలు మైదానాల్లోనూ రోజూ కనిపించేదే. సాయంత్రం ఐదున్నరకు రెండు చెప్పుల జతలు గోల్‌పోస్టులవుతాయి. ఎడమవైపు వెనక నిలబెట్టిన పిల్లోడు జట్టులో అందరికన్నా వేగం. పెద్దోళ్లు అరుస్తారు, వాడు లైను పట్టుకుని పోతాడు, క్రాస్ వేస్తాడు, చుట్టూ అరుపులు. బంతి ఎవరి తలకో తగిలి అవతలి జట్టు కాళ్లలో పడుతుంది. వాళ్లు నేరుగా ఆ పిల్లోడు వదిలొచ్చిన బాట పట్టుకుని వస్తారు. ఇటు గోల్ కీపర్ గొంతు చించుకుంటాడు:

“రేయ్ సిన్నోడా, ఎనక్కి రారా! ఈడ ఎవుడూ లేడు!”

“నువ్వే కదన్నా పొమ్మంటివి!”

ఇద్దరి మాటా న్యాయమే. వాణ్ణి పొమ్మన్న పెద్దోళ్లలో ఒక్కడూ వాడి చోట్లోకి వచ్చి నిలబడలేదు. మైదానంలో ఎవరికీ కనబడని తప్పు అదే. గోల్ పడ్డాక మాత్రం తిట్లన్నీ పిల్లోడికే.

ఈ తప్పు పెద్ద జట్లనూ వదల్లేదు. 1982 ప్రపంచ కప్పులో జికో, సోక్రటీస్, ఫల్కావో ఉన్న బ్రెజిల్‌ను తలుచుకుని ఇప్పటికీ మురిసిపోయేవాళ్లున్నారు. నేనూ ఆ బ్యాచే. ఇటలీతో ఆ రోజు వాళ్లకు డ్రా చాలు, సెమీస్ ఖాయం. ఫల్కావో కొట్టి 2-2 చేశాడు. ఇక వెనక్కి తగ్గి బంతి దాచుకుంటే సరిపోయేది. తగ్గలేదు. పావ్లో రోసీ ఆరు నిమిషాల తర్వాత తన మూడో గోల్ కొట్టాడు, బ్రెజిల్ ఇంటికెళ్లింది. వాళ్లకు వెనక్కి తగ్గడం చేతకాదని కాదు, ఆ ఆట వాళ్లకు రుచించలేదు. ఆ ఆటతీరులో నాకు నచ్చేదీ, ముంచేదీ ఒకటే.

రహీమ్ సాబ్ మెల్‌బోర్న్ పాఠాన్ని మరచిపోలేదని చెప్పడానికి 1962 జకార్తా సాక్ష్యం. ఏషియన్ గేమ్స్ మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద పాత జబ్బు మళ్లీ తొంగిచూసింది. రెండు గోల్స్ పైన ఉండి 2-2 దాకా జారిపోయి, చునీ గోస్వామి పుణ్యమా అని 3-2తో బయటపడ్డారు.

సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. రహీమ్ సాబ్ చేసిన పనిని కోచింగ్ పాఠాల్లో చేర్చాలి. జర్నైల్ సింగ్ ఆ తరంలో ఆసియాలోనే పేరున్న డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. పైపైన చూస్తే దాడిని పెంచినట్టు ఉంటుంది. నిజానికి ముందు నిలబడి డిఫెండర్లను ఢీకొనే బరువైన మనిషి ఒకడు దొరికితే, చునీ, బలరాం వంటి వాళ్లు బంతి కోసం గుంపులో దూరాల్సిన పని ఉండదు. వెనక బరువంతా అరుణ్ ఘోష్ మీద పడింది, ఆయన మోశాడు. 17వ నిమిషంలో పీకే, 20లో జర్నైల్. రెండు గోల్స్ మూడు నిమిషాల్లో.

ఈసారి ఆ తర్వాత ఏం జరిగిందన్నదే అసలు కథ. మెల్‌బోర్న్‌లో రెండు నిమిషాలు నిలబడిన ఆధిక్యం జకార్తాలో అరవై అయిదు నిమిషాలు చెక్కుచెదరలేదు. కొరియా 85వ నిమిషంలో గానీ గోల్ చేయలేకపోయింది. వెనక పీటర్ తంగరాజ్ గోల్ కాచాడు. 2-1తో బంగారం మనది. ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 2024లో అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా వచ్చాక గానీ మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. సినిమా వాళ్లకు పతకం కావాలి, తప్పు లేదు. ఆ అరవై అయిదు నిమిషాల ఓపికను తెర మీద చూపించడం కష్టం.

హైదరాబాద్ ఫుట్‌బాల్ తర్వాత దశాబ్దాల్లో ఎలా కునారిల్లిందో వేరే కథ.    

ఇక రెండో జట్టు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో ఐఎస్ఎల్ పట్టికలో అట్టడుగున, పది పాయింట్లతో. 2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. రెండో సీజన్ ఐదో స్థానం. 2021-22లో 20 లీగ్ మ్యాచ్‌ల్లో 43 గోల్స్ కొట్టి, 23 ఇచ్చి, 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. నైజీరియా ఫార్వర్డ్ బార్తలోమ్యూ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఒడిశాను 6-1తో కొట్టిన రోజున ఈ జట్టును ఆపేవాళ్లు లేరనిపించింది.

మనోలో నిలబెట్టిన పద్ధతి 4-2-3-1. కాగితం మీద వెనక నలుగురు కాబట్టి భద్రంగా కనిపిస్తుంది. ఆట మొదలయ్యాక ఆ నలుగురిలో ఇద్దరే మిగులుతారు. ఎడమ ఫుల్‌బ్యాక్ ఆకాశ్ మిశ్రా, కుడి ఫుల్‌బ్యాక్ ఆశిష్ రాయ్ బంతి మనదైన క్షణం నుంచి అంచులు పట్టుకుని ముందుకు కదిలేవాళ్లు. వింగర్లు అంచు వదిలి లోపలికి తగ్గేవాళ్లు. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్‌కు వెంబ్లీ నాటి చిక్కే: లోపలికి పోయిన వింగర్ వెంట పోవాలా, అంచున వస్తున్న మిశ్రాను ఆపాలా? రెండూ కుదరవు. ఎవరికో ఒకరికి చోటు దొరుకుతుంది. అక్కడి నుంచి బంతి పెనాల్టీ బాక్స్‌లోకి వస్తుంది. అక్కడ ఓగ్బెచే ఉంటాడు. అప్పటికే 35 దాటిన ఆటగాడు, పెద్దగా పరిగెత్తడు, పరిగెత్తాల్సిన అవసరం రానివ్వడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడి ఉంటాడు.

ఆ ఫుల్‌బ్యాక్‌లు వదిలిన చోట్లను కాయడానికి కెప్టెన్ జోవావ్ విక్టర్, అతని పక్కన ఇంకో మిడ్‌ఫీల్డర్, వెనక చింగ్లెన్‌సనా, హువానన్. నలుగురూ తమ చోట్లలో ఉన్నంతసేపూ లెక్క సరిపోయేది. ఒక్కరు అటూ ఇటూ అయినా, ప్రత్యర్థి మిశ్రా వెనకో, రాయ్ వెనకో ఒక పొడవాటి బంతి వేస్తే చాలు, సెంటర్ డిఫెండర్ తన చోటు వదిలి అంచుకు పరిగెత్తాల్సి వచ్చేది. తెలివైన కోచ్‌లు ఈ జట్టు మీద బంతి పట్టుకోవడానికి పోటీపడలేదు. బంతి వదిలేసి, కాచుకుని, ఆ వెనక సందుల్లోకి వేగమైన వాళ్లను పంపేవాళ్లు. ఇచ్చిన 23 గోల్స్ వెనక ఈ కథ ఎక్కువగా ఉందని నా అంచనా.

ఫైనల్ 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో. 68వ నిమిషంలో కేపీ రాహుల్ పెనాల్టీ బాక్స్ బయట నుంచి కొట్టాడు, కేరళ 1-0. నలభై మూడు గోల్స్ చేసిన దాడి ఆ రోజు తలుపు తెరవలేకపోయింది. 88వ నిమిషంలో సమం చేసింది సాహిల్ తవోరా. ఓగ్బెచే కాదు, వింగర్లూ కాదు. నడుమ కాపలా ఉండాల్సిన మిడ్‌ఫీల్డర్, గాల్లో ఉన్న బంతిని ఉన్నపళంగా తన్ని వలలో వేశాడు. ఆ క్షణంలో ఆ షాట్ గురి తప్పి, కేరళ అతను వదిలొచ్చిన ఖాళీలోంచి రెండోది కొట్టి ఉంటే, ఇదే తవోరాను మనం తిట్టుకునేవాళ్లం. షూటౌట్‌లో గోల్ కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది.

కప్పు వచ్చిన వేసవిలోనే ఆశిష్ రాయ్‌ని ఏటీకే మోహన్ బగాన్ తీసుకెళ్లింది. ఆ లోటు పూడ్చడానికి మనోలో వింగర్ నిఖిల్ పూజారిని కుడి ఫుల్‌బ్యాక్‌గా మార్చాడు. 2022-23లో లీగ్‌లో మళ్లీ రెండో స్థానం, పాయింట్లు 42కి పెరిగాయి. కొట్టిన గోల్స్ 43 నుంచి 36కి, ఇచ్చినవి 23 నుంచి 16కి తగ్గాయి. ఓగ్బెచే గోల్స్ 18 నుంచి పదికి. వెనక తలుపు గట్టిగా బిగిస్తే ముందు తలుపూ కొంత మూసుకుంటుందని అంకెలే చెబుతున్నాయి.

సెమీఫైనల్లో ఎదురైంది ఏటీకే మోహన్ బగానే. ఇప్పుడు ఆ జట్టుకు కుడి ఫుల్‌బ్యాక్ ఆశిష్ రాయ్. రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిశాయి. ఏడాది కిందట ఐఎస్ఎల్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన హైదరాబాద్ రెండు మ్యాచ్‌ల్లో కలిపి ఒక్కటీ కొట్టలేక, పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. మోహన్ బగాన్ కప్పు గెలిచింది. మనోలో గోవా వెళ్లిపోయాడు. ఆ వేసవిలో ముంబయి సిటీ వచ్చి ఆకాశ్ మిశ్రాను తీసుకుంది.